మా మేనత్త ఒప్పుకోని రాజకుమారులు

మా మేనత్త పోయింది. బన్సీలాల్‌పేట్‌లో తన ఇంట్లో, పొద్దున టీ తాగి, గ్లాసు కింద పెట్టి, "జెర నడుం వాలుస్త" అని పడుకుని మళ్లీ లేవలేదు. మామయ్య ఫోన్ చేసేసరికి నేను ఆఫీసుకు తయారవుతున్నాను. "మీ అత్తమ్మ లేస్తలేదు బిడ్డా" అన్నాడు. నేను ఇంకా ఏదో అడుగుతున్నాను, డాక్టర్‌ని పిలిచారా, నీళ్లు చల్లారా అని. ఆయన అదే మాట మళ్లీ అన్నాడు. రెండోసారికి అర్థమైంది.

ఆ పదకొండు రోజులూ వచ్చినవాళ్లంతా ఒకటే మాట అన్నారు: మంచి చెయ్యి, ఆమె కుట్టిన జాకెట్టు వేరే ఎవరూ కుట్టలేరు అని. నిజమే. మోండా మార్కెట్ వెనక సందులో, నలుగురు నిలబడితే ఐదో మనిషి గడప బయట ఉండాల్సిన గదిలో, ముప్పై ఏళ్లకు పైగా జాకెట్లు కుట్టింది. ఆ చేతికి నేనూ దణ్ణం పెడతాను. కానీ అది సగం సంగతే. మిగతా సగం ఎవరూ చెప్పలేదు, అందుకే నాకు కోపం వచ్చి ఇది రాస్తున్నాను. మా మేనత్త పాఠకురాలు. మంత్రాలు, రాక్షసులు, రెక్కల గుర్రాలు, ప్రేమలో పడే రాజకుమారులు ఉండే లావుపాటి నవలలకు ఈ జంటనగరాల్లో ఆమెను మించిన విమర్శకురాలు లేదని బల్లగుద్ది చెప్తాను. కాదనేవాళ్లుంటే రండి, కూర్చుని మాట్లాడుకుందాం.

ఆమె చదువు ఏడో తరగతి, తెలుగు మీడియం. చిన్నప్పుడు వీధి చివర అద్దె పుస్తకాల షాపులో ఉన్న జానపద నవలలన్నీ చదివేసి, ఇక కొత్తవి రావని షాపాయన చెప్పిన రోజు అన్నం తినలేదట. పెళ్లయ్యాక పుస్తకం పట్టుకునే తీరిక లేకపోయింది. రెండు చేతులూ మిషన్ మీదే ఉండేవి. ఇంతలో నేను డిగ్రీలో చేరాను, ఫుట్‌పాత్ మీద దొరికే ఇంగ్లిష్ ఫాంటసీ నవలల పిచ్చిలో పడ్డాను. కాలేజీ నుంచి వచ్చి, అమ్మానాన్నా ఇంటికి చేరేదాకా ఆమె గదిలో ఓ మూల కూర్చుని చదువుకునేదాన్ని.

"ఏందే, ఒక్కదానివే నవ్వుకుంటున్నవ్? మాక్కూడ జెప్పరాదు" అంది ఒక సాయంత్రం.

అలా షురూ అయింది. నేను ఇంగ్లిష్‌లో చూస్తూ తెలుగులో చదివి వినిపించేదాన్ని. ఆమె కుడుతూ వినేది. నా నోటితో ఆమె చదివింది అంటే సరిగ్గా ఉంటుంది. పదేళ్లకు పైగా, పండగల సీజన్‌లో తప్ప, ఆ సాయంత్రాలు ఆగలేదు. నాకు ఉద్యోగం వచ్చాక కూడా మెట్రో దిగి నేరుగా అక్కడికే వెళ్లేదాన్ని.

మొదట్లో నేను దొంగపని చేశాను. ప్రేమ సన్నివేశాలు రాగానే గబగబా పేజీలు తిప్పేసేదాన్ని. మేనత్త ముందు ముద్దుల గురించి ఎలా చదువుతాం? వారం రోజులు ఊరుకుంది. ఒక రోజు మిషన్ ఆపకుండానే అడిగింది.

"ఏందే పిల్లా, నాలుగు పేజీలు తిప్పినవ్. వాళ్లింకా మెట్ల మీదనే ఉన్నరు. నాలుగు పేజీల సేపు ఆ మెట్ల మీద ఏం జేస్తున్నరు?"

నేను తల దించుకున్నాను. అత్త పకపకా నవ్వింది. "నాకు పెండ్లయ్యి ఇరవై ఏండ్లాయె. సిగ్గు నాకుండాలె, నీకెందుకే? సదువు."

చదివాను. చెవులు ఎర్రబడ్డాయి కానీ చదివాను. అంతా విని ఆమె అన్నది ఇదీ: "ముద్దు సంగతి ఇడిసిపెట్టు. ముద్దుకు ముందు ఏం మాట్లాడుకున్నరో అది మల్లొకసారి జెప్పు. పిలగాడు ఎసుంటోడో అక్కడ్నే తెలుస్తది." మళ్లీ చెప్పాను. నిజమే, ఆ కుర్రాడు తన గురించి తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. అప్పటిదాకా నేను గమనించలేదు.

ఆమె విమర్శకు సిద్ధాంతాలు లేవు, ప్రశ్నలు ఉండేవి. ఆ ప్రశ్నలకు తట్టుకున్న నవలలు తక్కువ. ఒక కథలో రాజకుమార్తె శత్రువు కోటలో ఒంటరి గదిలో బందీగా ఉంటుంది. విందుకు పిలుపు వస్తుంది. తయారై దిగుతుంది.

"ఆగు" అంది అత్త. "వెనక ఇరవై రెండు గుండీలున్న గౌను అన్నవ్. గదిల ఒక్కతే ఉన్నదన్నవ్. మరి గుండీలు ఎవలు వెట్టిండ్రు?"

"మంత్రంతో పెట్టుకుందేమో అత్తమ్మా."

"మంత్రముంటె మొదలే చెప్పాలె గద. గుండీలు వెట్టుకునెటంత మంత్రమున్న పిల్ల తలుపు తీసుకోని ఎందుకు పోలేదు?"

ఆ రచయిత దగ్గర కూడా దీనికి జవాబు ఉండి ఉండదు. ఇంకో నవలలో చలికాలానికి అధిపతి అయిన దొర ఉంటాడు. వయసు ఎనిమిది వందల ఏళ్లు, చూడటానికి పాతికేళ్ల అందగాడు. పందొమ్మిదేళ్ల అమ్మాయిని ప్రేమిస్తాడు, ఆ ప్రేమ చెప్పడం చేతకాక మూడు వందల పేజీలు గోడకు ఆనుకుని నిలబడి మూతి ముడుచుకుంటాడు. కాలేజీలో మా స్నేహితురాళ్లంతా ఆ దొర కోసం ప్రాణాలిచ్చేవాళ్లు, నాతో సహా.

"ఎనిమిది వందల ఏండ్లు బతికిండు, ఆడపిల్లతోని ఎట్ల మాట్లాడాల్నో ఇంకా నేర్వలేదా? ఇంకెప్పుడు నేరుస్తడు?" అంది అత్త. "మల్ల, వానికి పనేంది? పొద్దుగాల లేసి ఏం జేస్తడు?"

హీరోకి పని ఉండాలి, ఇది ఆమెకు గట్టి పట్టింపు. రాజ్యం ఏలుతాడు అంటే ఒప్పుకునేది కాదు. "ఏలుడంటే ఏంది? నీళ్ల పంచాయితీ తెంపిండా? రోడ్డు ఏయించిండా? ఒక్కటి సూపియ్యి" అనేది.

సాయంత్రం ఐదింటికి మామయ్య టీ తెచ్చేవాడు. ఆయన ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసి రిటైరయ్యాక, జాకెట్లకు హుక్కులు కుట్టే పని తన మీద వేసుకున్నాడు. కథ మధ్యలో వచ్చి రోజూ ఒకటే అడిగేవాడు: "ఏమాయె? రాక్షసుడు సచ్చిండా?"

"లే, ఇంకా ముచ్చట పెడ్తుండు" అనేది అత్త. ఆయన నవ్వుకుంటూ అద్దాలు పెట్టుకుని హుక్కుల డబ్బా తెరిచేవాడు. అప్పుడు ఆమె నా వైపు వంగి, ఆయనకు వినపడేలా, "మీ మామ రెక్కలు లేకుంటనే సంసారం నడిపిచ్చిండు. వాళ్లకేం రోగం?" అనేది.

పగవాళ్లు ప్రేమికులయ్యే కథలంటే ఆమెకు చాలా ఇష్టం. కానీ ఒక షరతు. "పగోళ్లు ప్రేమించుకుంటె నాకేం తక్లీఫ్ లేదు. మాఫీ ఏ పేజీల అడిగిండో సూపియ్యి." నేను వెనక్కి తిప్పి వెతికేదాన్ని. చాలా నవలల్లో దొరికేది కాదు. నాయిక ఊరు తగలబెట్టినవాడు చివర్లో ఆమె నుదుటి మీద ముద్దు పెడతాడు, మధ్యలో ఎక్కడా ఒక్క మాట ఉండదు. దొరికితే మాత్రం అత్త కత్తెరతో ఏదో జాకెట్టు గుడ్డ అంచున సన్నటి పీలిక కత్తిరించి ఇచ్చేది, ఆ పేజీలో పెట్టమని. ఇప్పటికీ మా ఇంటి అల్మారాలో కొన్ని పుస్తకాలకు ఎర్రవీ పచ్చవీ పీలికలు వేలాడుతుంటాయి. అవన్నీ హీరో క్షమాపణ అడిగిన పేజీలు. ఇంటికొచ్చిన స్నేహితులు పుస్తకం అరువు అడిగితే, పీలిక ఉన్నది తీసుకెళ్లమంటాను.

ఆమెకు అస్సలు పడనిది ఒకటి ఉండేది. ఒక నవలను మేమిద్దరం మూడు నెలలు చదివాం. అందులో నాయికకు గాలిని పిలిచే శక్తి ఉంటుంది. ఐదు వందల పేజీలు కష్టపడి ఆ విద్య నేర్చుకుంటుంది. అత్తకు ఆ పిల్లంటే ప్రాణం. చివర్లో ప్రియుడు చావుబతుకుల్లో ఉంటే తన శక్తి మొత్తం అతనికి ధారపోసి మామూలు మనిషి అయిపోతుంది. అతను లేచి రాజవుతాడు. ఆమె పక్కన కూర్చుని చిరునవ్వు నవ్వుతుంది. అయిపోయింది.

అత్త మిషన్ ఆపకుండా కుడుతూనే ఉంది. చాలాసేపటికి చేతిలో గుడ్డ పైకెత్తి చూసుకుంది. జాకెట్టు ఎడమ చెయ్యి కుడి వైపు, కుడి చెయ్యి ఎడమ వైపు కుట్టేసింది. అన్నేళ్లలో అలాంటి తప్పు ఆమె చేయడం నేను చూడలేదు. కుట్లు విప్పుతూ అంది:

"ఇయ్యొద్దని కాదు. సగం ఇయ్యొచ్చు. మొత్తమిచ్చినంక ఇంకెట్ల ప్రేమిస్తది? ప్రేమించెటందుకు ఒక మనిషి ఉండాలె గద."

ఆ రోజు నేను ఎదురు వాదించాను. త్యాగం అత్తమ్మా, గొప్ప ప్రేమ అంటే అదే కదా అన్నాను. "గట్లయితె ఆ పిలగాడెందుకు ఇయ్యడే ఎప్పుడు?" అంది. ఇంకో పదిహేను నవలలు తిరగేశాను, ఇచ్చిన పిలగాడు దొరకలేదు.

ఒకసారి నగరంలో ఒక సాహిత్య సభకు నాతో వచ్చింది. వేదిక మీద ఒక పెద్దాయన ఈ మాయల మంత్రాల నవలలు, ఈ రాజకుమారుల ప్రేమలు సాహిత్యం కావని, చదువురాని వాళ్ల కాలక్షేపమని అరగంట సేపు సెలవిచ్చారు. ప్రశ్నలుంటే అడగమన్నారు. మా అత్త లేచి నిలబడింది. ఆమె చీర కొంగు పట్టుకుని లాగాను. లెక్కచేయలేదు.

"సార్, మీరు ఒక్కటన్న సదివిండ్రా?"

ఆయన నవ్వి, అలాంటివి చదివే తీరిక తనకు లేదన్నారు.

"గట్లనా సార్. అయితె సదివి చెప్పుండ్రి. మేం కూసుంటం." నిజంగానే కూర్చుంది. హాలంతా నవ్వులతో గొల్లుమంది. బయటికొచ్చి ఆటో ఎక్కాక, "ఎక్కువ మాట్లాడిన్నా?" అని అడిగింది. "లేదత్తమ్మా, తక్కువే మాట్లాడినవ్" అన్నాను. ఆ రోజు ఆమె పక్కన కూర్చుని సికింద్రాబాద్ దాకా వచ్చిన ప్రయాణం, నా జీవితంలో నేను గర్వంగా కూర్చున్న ప్రయాణాల్లో మొదటిది.

నేను రాయడం మొదలుపెట్టడానికి కూడా ఆమే కారణం. మా పేటలోని పాత మెట్లబావి ఏళ్ల తరబడి చెత్తతో పూడిపోయి ఉండేది. దాన్ని శుభ్రం చేసి, మెట్లన్నీ బయటపడ్డాక మేమిద్దరం చూడటానికి వెళ్లాం. చిన్నప్పటి నుంచీ ఆ చెత్తకుప్ప పక్క నుంచే తిరిగిన మనిషి, కింది నీళ్ల దాకా చూసి నోరు తెరిచింది. "అవ్వ! ఇంత లోతు పెట్టుకోని మనకు ఒక్క మాట జెప్పలేదు సూడు" అంది. తర్వాత నా చెయ్యి గిల్లి, "ఇండ్ల ఒక రాజ్యముంటది. నువ్వు రాయి. అందరి రాజ్యాలు సదివినవ్, ఇగ నీది రాయి" అంది.

నాలుగేళ్లు పట్టింది. మెట్లు కిందికి దిగే కొద్దీ ఊళ్లుండే రాజ్యం. నాయిక అరచేతిలో ఒక ఊట ఉంటుంది, చెయ్యి ఆనిస్తే ఎండిన రాతిలోంచి నీళ్లు వస్తాయి. నాయకుడు రాళ్లు చెక్కేవాడు. పని లేని హీరోని మా అత్తకు చూపించే ధైర్యం నాకు లేదు. ఒక ప్రచురణకర్త వేస్తానన్నాడు. ఎడిటర్ అంతా బాగుందని, ముగింపు మాత్రం మార్చమన్నాడు. "మొదటి పుస్తకం మేడమ్. చివర్లో ఆమె తన ఊట మొత్తం అతనికి ఇచ్చేస్తే పాఠకులు కన్నీళ్లు పెట్టుకుంటారు. త్యాగం నిలబడిపోతుంది." నాకు పుస్తకం రావాలి. అంతే, ఇంకేం సాకు చెప్పను. మార్చి రాశాను. అరచెయ్యి శాశ్వతంగా ఎండిపోయినట్టు రాశాను, రాసేటప్పుడు నేనే ఏడ్చాను, బాగా కుదిరిందని సంబరపడ్డాను కూడా.

అప్పటికే అత్తకు గుండె బలహీనమైంది. షాపుకు వారంలో రెండు మూడు రోజులే వెళ్లేది. సాయంత్రాలు నేను ఆమె మంచం పక్కన కూర్చుని నా నవల చదివి వినిపించేదాన్ని. అనువాదం అవసరం లేని మొదటి నవల అది మాకు. ఎంత శ్రద్ధగా వినేదో! మూడో అధ్యాయంలో నాయకుడు రెండు రోజులు అన్నం తినకుండా రాయి చెక్కితే ఆపించి, "మధ్యల ఎవలన్న సద్దిగిన్నె తెచ్చినట్టు రాయి, పాపం" అంది. రాశాను. పదో అధ్యాయంలో ఇద్దరూ కొట్లాడుకుని, అతను తప్పు ఒప్పుకుంటే, దిండు కింద వెతికి పీలిక కోసం మామయ్యను పిలిచింది.

చివరి అధ్యాయానికి ముందు అధ్యాయం దగ్గరికి వచ్చాం. రాతి కింద నలిగిన నాయకుడి ఊపిరి ఆగిపోతోంది. ఆమె అతని గుండె మీద అరచెయ్యి ఆనించింది. అక్కడ అధ్యాయం అయిపోతుంది.

"తర్వాత?" అంది అత్త.

చివరి అధ్యాయం నా బ్యాగులోనే ఉంది. తీస్తే ఆమె ఏమంటుందో నాకు తెలుసు. అందుకే, "ఇంకా రాయలేదత్తమ్మా" అన్నాను. ఆమెకు నేను చెప్పిన ఒకే ఒక్క పెద్ద అబద్ధం అది.

"సరె. పరేషాన్ గాకు. నిమ్మలంగ రాయి" అంది.

తర్వాత తొమ్మిది రోజులు నేను వెళ్లలేదు. ఆఫీసులో పని ఉందని చెప్పాను. పదో రోజు పొద్దున మామయ్య ఫోన్ వచ్చింది.

పదకొండో రోజు అయ్యాక మామయ్య, నేను షాపు తెరిచాం. కుట్టని గుడ్డలు, కొలతకిచ్చిన ఆది జాకెట్లు ఎవరివి వాళ్లకు తిరిగి ఇచ్చేయాలి. ప్రతి మూటకూ అత్త చేత్తో రాసిన చీటీ గుండుసూదితో పెట్టి ఉంది. ఒక్కొక్కరే వచ్చారు. గుడ్డ తీసుకుని వెంటనే వెళ్లేవాళ్లు కాదు, కాసేపు నిలబడి మిషన్ కేసి చూసి, కళ్లు తుడుచుకుని వెళ్లేవాళ్లు.

మధ్యాహ్నం బ్యాంకు మేడమ్ వచ్చింది. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి, బ్యాంకులో రిటైరైంది. దారిలో ఎంతమంది టైలర్లున్నా బొల్లారం నుంచి మా అత్త దగ్గరికే వచ్చేది. తన మూట ఒళ్లో పెట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"మెట్లబావి రాజ్యం రాస్తున్న అమ్మాయి మీరేనా అండీ?"

నేను తెల్లబోయాను. ఆ నవల సంగతి మా అత్తకు, మామయ్యకు, పుస్తకం వేసేవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను.

"మీ అత్తగారు చెప్పేవారండీ. కొలతలు తీసేటప్పుడు కొంచెం, ట్రయల్‌కి వచ్చినప్పుడు కొంచెం. మేమొక ఐదారుగురం ఆ కథ కోసమే అవసరం లేకపోయినా జాకెట్లు కుట్టించుకున్నాం. మా ఇంట్లో బీరువా పట్టట్లేదు." నవ్వబోయి ఆగింది. "అతని గుండె మీద చెయ్యి పెట్టిన దగ్గర ఆపేశారు. మా కోడలు ఇంకా రాయలేదన్నారు. నేనే నోరు జారానండీ. ఇంకేముంటుంది, శక్తంతా అతనికిచ్చేస్తుంది, అన్ని కథల్లో ఉండేదేగా అన్నాను. ఆవిడకు ఎంత కోపం వచ్చిందో!"

"ఏమంది?" అన్నాను.

బ్యాంకు మేడమ్ మా అత్త మాటను మా అత్తలాగే అనబోయింది, ఆ యాస తనకు పలకక, మామయ్య వైపు చూసింది. మామయ్య హుక్కుల డబ్బా మూత తిప్పుతూ, తల ఎత్తకుండా చెప్పాడు.

"నేనున్న ఆ దినం. 'మా పిల్ల ఆ ఊటను ఎండనియ్యది. అందరు రాసినట్టు అది రాయది. కావాల్నంటె కాయితం మీద రాసిస్త' అన్నది."

ఆ తర్వాత ఎవరొచ్చారో, ఎవరి మూట ఎవరికిచ్చానో నాకు గుర్తులేదు. సిగ్గుతో చచ్చిపోయాను. నా బ్యాగులో ఎండిన అరచెయ్యి ఉంది. ఒంట్లో బాగాలేకపోయినా ఆమె నా తరఫున మాటిచ్చి తిరిగింది, ఊరి ఆడవాళ్లందరి ముందు నన్ను తలెత్తి చూపించింది. నేనేమో ఒక ఎడిటర్ మాటకు తల ఊపి, ఆమె ముందు కాగితాలు దాచుకున్నాను. పుస్తకం అలాగే వస్తే ఆమె అబద్ధమాడినట్టు అయిపోతుంది. అది మాత్రం నేను కానివ్వను అనుకున్నాను.

షాపు మెట్టు మీద కూర్చునే ఎడిటర్‌కు ఫోన్ చేశాను. చివరి అధ్యాయం వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. పేజీలు అచ్చుకు సిద్ధమయ్యాయని, ఇప్పుడు మార్చడం కష్టమని అన్నాడు. "ముగింపులో ఏడుపు రాదు మేడమ్" అన్నాడు. "రాకపోతే పోనివ్వండి. ఆమె చెయ్యి ఎండదు. అలాగైతేనే వేయండి, లేదంటే వద్దు" అన్నాను. చివరికి వారం టైమిచ్చాడు.

నాలుగు రోజుల్లో రాశాను. నాయిక తన ఊటలో సగం ఇస్తుంది. సగమే కాబట్టి అతను ఒక్కసారిగా లేవడు. కళ్లు తెరుస్తాడు. పైకి వెళ్లే మెట్లు వాళ్ల ముందు ఉంటాయి. ఆమెకూ సగం బలమే, అతనికీ సగం బలమే. ఒకరి భుజం ఒకరు పట్టుకుని, నాలుగు మెట్లెక్కి కూర్చుని, మళ్లీ నాలుగు ఎక్కుతారు. దారిలో ఆమె చెయ్యి ఆనించిన ప్రతి రాయీ కొంచెం చెమర్చుతుంది. రాస్తున్నప్పుడు ఒక్కసారి కూడా ఏడుపు రాలేదు. నవ్వొచ్చింది, వాళ్లిద్దరూ మెట్ల మీద దేనికో పోట్లాడుకున్నారు.

ఆదివారం షాపు ఇంకోసారి తెరిచాం. బ్యాంకు మేడమ్ మిగతా వాళ్లకు కబురు పెట్టింది. ఏడుగురు వచ్చారు, ఐదుగురు గడప బయటే స్టూళ్లు వేసుకున్నారు. మా అత్త కూర్చునే చోట ఎవరూ కూర్చోలేదు. నేను నా మూలలో నిలబడి చదివాను. పదేళ్లుగా ఆ గదిలో మిషన్ చప్పుడు మీద చదవడం అలవాటు, ఆ నిశ్శబ్దంలో నా గొంతు నాకే మరీ పెద్దగా వినిపించింది. చివరి వాక్యం అయ్యాక కాగితాలు దించి, పరీక్ష రాసిన పిల్లలా వాళ్ల మొహాల కేసి చూశాను.

బ్యాంకు మేడమ్ పక్కన కూర్చున్న కూరగాయలమ్మే అవ్వ ముందు నోరు తెరిచింది.

"గిది ఆమె జెప్పిందే గద బిడ్డా. సగమిస్తది, ఇద్దరు మెల్లగ మెట్లెక్కుతరు అని మొన్ననే చెప్పె. మల్ల నువ్వేం రాసినవ్?"

గది మొత్తం గొల్లున నవ్వింది. మామయ్య కూడా నవ్వాడు, అత్త పోయాక మొదటిసారి. నేను గోడకు ఆనుకుని కూలబడి, నవ్వుతూ ఏడ్చాను. నా ముగింపు నాది కాదని ఒకరు అంటే ఇంత గర్వంగా ఉంటుందని ఏ రచయితైనా నాతో చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు.

మామయ్య అందరికీ టీ పోశాడు. తాగి, సంచులు చంకన పెట్టుకుని లేచారు. గడప దాటుతుండగానే మొదలుపెట్టారు. సగం బలంతో మెట్లెక్కడానికి ఎన్ని రోజులు పట్టి ఉంటుందని ఒకరు, దారిలో తినడానికి ఏమైనా కట్టుకున్నారా అని ఇంకొకరు. "ఆ అబ్బాయి పైకెళ్లాక ఏం పని చేస్తాడండీ, అదసలు రాయలేదు ఈ అమ్మాయి" అని బ్యాంకు మేడమ్. "రాళ్లు కొడ్తడమ్మా, చేతులున్నయి గద" అని అవ్వ. ఉల్లిగడ్డల బస్తాల పక్క నుంచి, తోపుడు బండ్ల మధ్య నుంచి, ఒకరి మాటకు ఒకరు అడ్డం పడుతూ సందు మలుపు తిరిగారు. మనుషులు కనిపించకుండా పోయాక కూడా, మార్కెట్ గోల మధ్యలోంచి ఆ వాదన నాకు వినిపిస్తూనే ఉంది.